ఇరవైల్లోనే నడుము పట్టేస్తే: పాఠకుల ప్రశ్నలు, వైద్యుని సమాధానాలు

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలను వేరు చేసి చూస్తే, మోకాళ్ళ నొప్పుల గురించి పెద్దవాళ్ళు రాసిన వాటికంటే, నడుము నొప్పి గురించి ముప్పయ్యేళ్ళలోపు వారు రాసినవే ఎక్కువగా ఉన్నాయి. వాటిలో నాలుగింటిని ఎంచుకున్నాను. నాలుగూ నడుము నొప్పులే అయినా నాలుగూ ఒకటి కావు; ఆ తేడా ఎక్కడుందో తెలియడానికే వీటిని ఒకే సంచికలో పక్కపక్కన ఉంచుతున్నాను. రాసినవారి పేర్లూ, వారు వెళ్ళిన ఆసుపత్రుల పేర్లూ తీసేశాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. నా వయసు 26. మియాపూర్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మూడు వారాల క్రితం ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్‌ను ఎత్తి డిస్పెన్సర్ మీద బోర్లించబోతుండగా నడుములో కలుక్కుమంది. ఆ రోజంతా నిటారుగా నిలబడలేకపోయాను. నా గదిలో ఉండే మిత్రుడు ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే అదే సాయంత్రం ఎమ్మారై తీశారు. ‘ఎల్4–ఎల్5 మధ్య డిస్క్ ఉబ్బింది, ఎల్5–ఎస్1 డిస్క్‌లో అరుగుదల మొదలైంది’ అని రిపోర్టులో ఉంది. మూడు వారాలు మంచం దిగవద్దని, ఆ తర్వాత బెల్టు తీయవద్దని చెప్పారు. నొప్పి నడుములోనే ఉంది, కాళ్ళలోకి దిగలేదు. ఇప్పుడు సగానికి పైగా తగ్గింది గానీ వంగాలంటే భయమేస్తోంది. మా అమ్మ ఊరికి వచ్చేయమంటోంది. ఎదురుకాళ్ళతో పుట్టిన మా మేనమామ చేత నడుము మీద తన్నిస్తే పోతుందని ఆమె నమ్మకం. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఈ డిస్క్ సంగతి అవతలివారికి చెప్పాలా? ఇక జీవితమంతా ఇలా ఒళ్ళు దగ్గర పెట్టుకునే బతకాలా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాటలను మీరు మధ్యలో ఎక్కడో, పెద్దగా పట్టించుకోకుండా రాసేశారు: నొప్పి కాళ్ళలోకి దిగలేదు, మూడు వారాల్లో సగానికి పైగా తగ్గింది. ఈ రెండు మాటలు విన్నాక నేనైతే ఫిల్ముల కవరు తెరవడానికి తొందరపడను. జ్వరం, బరువు తగ్గిపోవడం, కాళ్ళలో పట్టు తప్పడం, మూత్రం బిగిసిపోవడం, ఎత్తు నుంచి పడడం వంటివేవీ లేకుండా 26 ఏళ్ళ మనిషికి బరువెత్తినప్పుడు పట్టుకున్న నడుము నొప్పి, చాలా మందిలో, ఫలానా ఎముకది లేదా ఫలానా డిస్క్‌ది అని వేలు పెట్టి చూపించలేని నొప్పి. కండరం నొచ్చిందా, దాన్ని ఎముకకు పట్టి ఉంచే కట్టు నొచ్చిందా, వెన్నుపూసల వెనక ఉండే చిన్న కీళ్ళు నొచ్చాయా అన్నది విడదీసి చెప్పగల పరీక్ష మా దగ్గర లేదు. ఈ మాట ఒప్పుకోవడానికి వైద్యులు మొహమాటపడతారు. రోగికి నొప్పికొక పేరు కావాలి, ఆ పేరు ఎమ్మారై రిపోర్టులో సిద్ధంగా దొరుకుతుంది.

ఇక ఆ రిపోర్టు సంగతి. నడుము భాగంలో అయిదు వెన్నుపూసలు ఉంటాయి; పై నుంచి కిందికి వాటిని ఎల్1 నుంచి ఎల్5 దాకా, వాటి కింద ఉండే ఎముక మొదటి భాగాన్ని ఎస్1 అని రిపోర్టుల్లో రాస్తారు. పూసకూ పూసకూ మధ్య ఉండే డిస్క్‌ను తాటిముంజతో పోల్చుకోవచ్చు: లోపల నీరు పట్టిన మెత్తని గుజ్జు, దాని చుట్టూ పదిహేను నుంచి పాతిక వరుసల గట్టి నారపొరలు. పైనా కిందా ఉన్న పూసలకు అది గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి, మనం వాడుకలో అంటున్నట్టు ‘జారిపోవడం’ దానికి చేతకాదు. వయసు గడిచేకొద్దీ లోపలి గుజ్జులో నీరు తగ్గి, అంచు కొద్దిగా బయటికి ఉబ్బుతుంది. ఇది ముసలితనంలో వచ్చే మార్పని అందరూ అనుకుంటారు గానీ, 2015లో వెలువడిన ఒక సమీక్షలో, నడుము నొప్పి అసలే లేని 3,110 మంది స్కానులను వయసుల వారీగా కూర్చి చూసినప్పుడు, ఇరవయ్యేళ్ళ వారిలోనే నూటికి 37 మందికి డిస్క్ అరుగుదల, 30 మందికి డిస్క్ ఉబ్బు ఉన్నట్టు తేలింది. ఎనభయ్యేళ్ళ వారిలో ఆ అంకెలు 96, 84. అంటే మీ రిపోర్టులో ఉన్న రెండు ముక్కలూ, ఏ నొప్పీ లేకుండా మీ పక్క కుర్చీలో కూర్చుని పనిచేసుకుంటున్న మీ సహోద్యోగి రిపోర్టులోనూ ఉండవచ్చు. మీ నడుము ఏ బాధా లేకుండా ఉన్న రోజుల్లో, మిత్రుడి పెళ్ళి బారాత్‌లో రెండు గంటలు తీన్మార్ వేసి వచ్చిన మర్నాడు తీయించినా, ఇదే ఉబ్బు కనిపించి ఉండేదేమో. ఫిల్ములో ఉబ్బు కనిపిస్తుంది గానీ, అది ఎన్నాళ్ళ నుంచి ఉందో, నొప్పి దాని వల్లనేనో కాదో కనిపించదు. కాళ్ళలోకి దిగని కొత్త నొప్పికి మొదటి ఆరు వారాల్లో ఎమ్మారై అక్కర్లేదని అంతటా వైద్యులు అనుసరించే సూచన. మీకు అదే సాయంత్రం తీయడం తొందరపాటే.

మంచం దిగవద్దన్న సలహాతో కూడా నేను ఏకీభవించను. నేను చదువుకునే రోజుల్లో మాకు నేర్పింది అదే, నేను కూడా కొందరికి అలాగే చెప్పి వారి కండలు కరిగించాను. 1986లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో రెండు రోజుల విశ్రాంతి కంటే ఏడు రోజుల విశ్రాంతి వల్ల ఒరిగిందేమీ లేదని, పనికి వెళ్ళని రోజులు మాత్రం పెరిగాయని తేలింది. 1995లో హెల్సింకి నగరపాలక ఉద్యోగులను మూడు జట్లుగా విడదీసి, ఒక జట్టును రెండు రోజులు పడుకోబెట్టి, ఒక జట్టు చేత నడుము వ్యాయామాలు చేయించి, మూడో జట్టును నొప్పి ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకోమని వదిలేస్తే, వదిలేసిన జట్టే ముందుగా కోలుకుంది. యూట్యూబ్‌లో చూసి నొప్పి పట్టిన మూడో రోజునే నడుము వంచే వ్యాయామాలు మొదలుపెట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వ్యాయామానికి వేళ ఉంది, అది మొదటి వారం కాదు.

కొత్త నొప్పిలో అసలు కష్టం నడవడంలో కాదు, పడుకున్నవాడు లేవడంలో ఉంటుంది. వెల్లకిలా పడుకున్న చోటి నుంచి తల ఎత్తి ఒక్క ఊపున లేవబోతే నడుము గట్టిగా పట్టేస్తుంది. ముందు మోకాళ్ళు ముడుచుకుని, భుజమూ తుంటీ ఒకేసారి కదిలేటట్టు పక్కకు ఒత్తిగిల్లాలి. కాళ్ళను మంచం అంచు నుంచి కిందికి జారవిడిచి, పైచేతి అరచేతితో పరుపును నొక్కుతూ లేస్తే, కాళ్ళ బరువే మిమ్మల్ని సగం లేపుతుంది. లేచిన వెంటనే నిలబడకుండా రెండు ఊపిరులు కూర్చుని, ఆ తర్వాత గదిలోనే అయిదు నిమిషాలు నడవండి. గంటకోసారి ఇలా నడవడం మీకు బెల్టు కంటే ఎక్కువ మేలు చేస్తుంది. బెల్టును ప్రయాణంలో ధైర్యానికి కట్టుకుంటే తప్పు లేదు గానీ, రోజంతా కట్టుకుంటే నడుము తన పనిని దాని మీదికి నెట్టేసి బద్ధకిస్తుంది. నేల మీద చాప వేసుకుని పడుకోవాలన్నది మన ఇళ్ళలో చెప్పే మరో మాట. 2003లో స్పెయిన్‌లో 313 మంది మీద జరిగిన పరిశీలనలో గట్టి పరుపు కంటే మధ్యరకం పరుపే మేలని తేలింది. నేల మీద నిద్ర పట్టేవారు నిక్షేపంగా పడుకోవచ్చు, కానీ పట్టేసిన నడుముతో నేల మీది నుంచి లేవడం మంచం మీది నుంచి లేవడానికి రెండింతలు కష్టం.

మందుల విషయానికి వస్తే, పారాసెటమాల్ ఒక్కటే వేసుకుంటే ఈ నొప్పి త్వరగా తగ్గదని 2014లో ఆస్ట్రేలియాలో వెయ్యీ ఆరువందల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో తేలింది. ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ కోవకు చెందిన మాత్రలు కొంతవరకు పనిచేస్తాయి. అన్నం తిన్న తర్వాత, అయిదారు రోజులకు మించకుండా, వైద్యుణ్ణి అడిగి వాడాలి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నవారు వీటి జోలికి వెళ్ళకూడదు. వానాకాలంలో ఒళ్ళు నొప్పులతో పాటు జ్వరం కూడా ఉంటే అది డెంగీ కాదని తేలేదాకా అసలే వద్దు. ఆర్ఎంపీ దగ్గర రోజుకో సూది వేయించుకోవడం, పేరు లేని పొట్లాల్లో అమ్మే నొప్పుల పొడులు మింగడం ఇంకా ప్రమాదం. ఆ పొడుల్లో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, అందుకే అవి అంత అద్భుతంగా పనిచేస్తాయి. ఉప్పు మూటతో కాపడం, వావిలాకు నీళ్ళ స్నానం అమ్మగారు పెడతానంటే సంతోషంగా ఒప్పుకోండి. వేడి తగిలితే బిగిసిన కండరం సడలుతుంది, ఖర్చూ లేదు.

మేనమామ గారి కాలి దెబ్బను మాత్రం సవినయంగా తిరస్కరించండి. ఆ నమ్మకం ఇన్ని తరాలు ఎందుకు నిలిచిందో నాకు అర్థమవుతుంది. ఈ నొప్పి చాలా మందికి రెండు మూడు వారాల్లో తనంతట తానే దిగిపోతుంది. నొప్పి ఓర్చుకోలేక మనిషి ఏదో ఒకటి చేయించుకునేది కూడా ఆ రెండో వారంలోనే. ఆ సమయంలో ఎవరు తన్నినా, ఎవరు నూనె రాసినా, ఎవరు సూది వేసినా పేరు వాళ్ళకే వస్తుంది. ఆ లెక్కన మా వృత్తికి కూడా అర్హతకు మించిన పేరే వస్తోందని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ చివరి రెండు ప్రశ్నలు. ఒకసారి నడుము పట్టేసి తగ్గిందన్నది దాచవలసిన రహస్యమూ కాదు, పెళ్ళిచూపుల్లో ప్రకటించవలసిన జబ్బూ కాదు. మాటల మధ్య వస్తే చెప్పండి, అంతే. జీవితమంతా ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతకడమన్నదే నన్ను ఎక్కువ కంగారు పెడుతున్న మాట. వంగితే ఏదో విరుగుతుందన్న భయం, నిద్ర లేకపోవడం, ఉద్యోగం మీద విసుగు అనే మూడూ కలిస్తే కొత్త నొప్పి పాత నొప్పిగా స్థిరపడిపోతుందని మాకు అనుభవంలో తెలుసు. కనుక రేపటి నుంచే అర బకెట్ నీళ్ళు ఒంటికి దగ్గరగా పట్టుకుని, మోకాళ్ళు వంచి ఎత్తడం మొదలుపెట్టండి. వారం వారం కొద్దిగా పెంచండి. నిండు క్యాన్‌ను మరో రెండు నెలలు వదిలేయండి. ఆ తర్వాత కూడా దాన్ని గుండెల దాకా ఎత్తి బోర్లించడం ఎవరికీ మంచి పని కాదు, క్యాన్ నోటికి బిగించే ఛార్జింగ్ పంపు కొనుక్కుంటే ఆ గొడవే ఉండదు.

ఈ నొప్పికి మళ్ళీ వచ్చే గుణం ఉంది, అది మీకు ముందే చెప్పడం న్యాయం. దాన్ని వాయిదా వేయడానికి ఏం చేయాలన్న దానికి ఇటీవల మంచి ఆధారమే దొరికింది. నడుము నొప్పి వచ్చి తగ్గిన 701 మందిని ఆస్ట్రేలియాలో రెండు జట్లుగా చేసి, ఒక జట్టును క్రమంగా పెంచుకుంటూ వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట దాకా నడిచేటట్టు చేశారు. 2024లో వచ్చిన ఫలితాల ప్రకారం, పనులకు అడ్డం పడేంత నొప్పి తిరగబెట్టడానికి ఏమీ చేయని జట్టులో సగటున 112 రోజులు పడితే, నడిచిన జట్టులో 208 రోజులు పట్టింది. మియాపూర్‌లో సాయంత్రం ఆరింటికి నడవడానికి రోడ్డు ఎక్కడుందని మీరు అడగవచ్చు. మీ ఆఫీసు ఆవరణలో మధ్యాహ్నం భోజనం తర్వాత నడవండి. అన్నట్టు, కుర్చీలో సరిగ్గా ఎలా కూర్చోవాలని చాలా మంది అడుగుతుంటారు. ఒకే ఒక సరైన భంగిమ అంటూ లేదు. ఎంత చక్కగా కూర్చున్నా రెండు గంటలు కదలకుండా కూర్చుంటే అదే తప్పు భంగిమ. రెండు లీటర్ల సీసాను బల్ల మీద పెట్టుకోకుండా చిన్న గ్లాసు పెట్టుకుంటే, నీళ్ళ కోసమైనా గంటకోసారి లేస్తారు.

ప్రశ్న: నా వయసు 23. గ్రూప్స్ పరీక్షల కోసం అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. రోజుకు పది పన్నెండు గంటలు మంచం మీదే, గోడకు ఆనుకుని, ఒడిలో పుస్తకం పెట్టుకుని కూర్చుంటాను. నెలన్నరగా ఎడమ పిర్ర నుంచి తొడ వెనకగా, పిక్క పక్క నుంచి బొటనవేలి దాకా జివ్వుమని లాగుతోంది. దగ్గినా తుమ్మినా కరెంటు షాకు కొట్టినట్టు ఉంటుంది. బొటనవేలి దగ్గర తిమ్మిరిగా ఉంది. ఒక డాక్టరు గారు ఆపరేషన్ తప్పదన్నారు, ఇంకొకరు నరాల మాత్రలు రాశారు. ఆపరేషన్ చేస్తే కాళ్ళు పడిపోతాయని నాన్న భయపడుతున్నారు. ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

సమాధానం: అమ్మా, మీ నొప్పి పై ఉత్తరంలోని నొప్పి వంటిది కాదు. పిర్ర నుంచి బొటనవేలి దాకా గీత గీసినట్టు దిగే నొప్పిని సయాటికా అంటాం, ఆయుర్వేదంలో గృధ్రసి అంటారు. డిస్క్ లోపలి గుజ్జు నారపొరలను చీల్చుకుని బయటికి వచ్చి నరం మొదలును ఒత్తినప్పుడు ఇలా వస్తుందని 1934లో బోస్టన్ నగరానికి చెందిన మిక్స్టర్, బార్ అనే ఇద్దరు శస్త్రవైద్యులు వివరించారు. బొటనవేలి వైపు తిమ్మిరి అయిదో నడుము నరాన్ని సూచిస్తుంది. చిటికెన వేలి వైపు, మడమ కింద అయితే దాని దిగువ నరం అయి ఉండేది.

ఆపరేషన్ గురించి ఆలోచించే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. గోడకు దగ్గరగా నిలబడి మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు వేయండి. రెండూ రెండు కాళ్ళతో సమానంగా చేయగలిగితే నరం బలం నిలిచే ఉంది, వేచి చూడడానికి వ్యవధి ఉంది. ఎడమ పాదం ముందుభాగం పైకి లేవకపోతే, లేదా నడుస్తుండగా ఆ కాలి చెప్పు జారిపోయి వెనక ఉండిపోయినా మీకు తెలియకపోతే, ఆలస్యం చేయకుండా ఆ వారంలోనే వెన్నెముక వైద్యుణ్ణి కలవాలి. వీటన్నిటికీ మించిన హెచ్చరిక మరొకటి ఉంది. మూత్రం వస్తున్నట్టు ఉండి రాకపోవడం, తెలియకుండా మలమూత్రాలు పోవడం, సైకిలు సీటుకు ఆనే చోట స్పర్శ తగ్గడం, రెండు కాళ్ళూ బలహీనపడడం వంటి వాటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు, ఆ రాత్రికే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అప్పుడు ఆపరేషన్‌ను గంటల్లో చేయవలసి ఉంటుంది, ఆలస్యమైతే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు.

ఇవేవీ లేకపోతే, బయటికి వచ్చిన గుజ్జును శరీరమే మెల్లగా కరిగించుకోవడం చాలా మందిలో చూస్తాం. 2007లో నెదర్లాండ్స్ వైద్యులు, ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో బాధపడుతున్న 283 మందిలో కొందరికి వెంటనే ఆపరేషన్ చేసి, కొందరిని ఆగమన్నారు. వెంటనే చేయించుకున్నవారి కాలి నొప్పి ముందుగా తగ్గింది, కానీ ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ నూటికి 95 మంది కోలుకున్నారు. ఆగిన జట్టులో నూటికి 39 మంది నొప్పి భరించలేక మధ్యలో ఆపరేషన్ చేయించుకున్న మాట కూడా నిజమే. కాబట్టి ‘తప్పదు’ అన్న వైద్యుడి మాట తొందరది, ‘కాళ్ళు పడిపోతాయి’ అన్న నాన్నగారి మాట భయానిది. నడవగలిగి, నిద్ర పడుతూ, నెలనెలా కొద్దిగా తగ్గుతూ ఉంటే ఆగండి. మూడు నెలలు దాటినా కూర్చోనివ్వని నొప్పి ఉంటే ఆపరేషన్‌కు భయపడకండి. నరాల మాత్రల్లో ఎక్కువగా రాసే ప్రీగాబలిన్, సయాటికాలో మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కాదని 2017లో తేలింది. పైగా తల తిరుగుడు, మత్తు తెస్తుంది, పరీక్షలకు చదివేవారికి అది రెట్టింపు నష్టం. అయితే వాడుతున్న మాత్రను ఉన్నట్టుండి ఆపకూడదు, రాసిన వైద్యుణ్ణి అడిగి తగ్గించుకుంటూ రావాలి.

ఒడిలో పుస్తకంతో వంగి కూర్చోవడం మాత్రం ఇవాళే మానేయండి. మీ హాస్టల్ కిటికీ గట్టు ఛాతీ ఎత్తున ఉంటే దాని మీద పుస్తకం పెట్టుకుని నిలబడి చదవండి; కరెంట్ అఫైర్స్ వినేవి ఏవైనా ఉంటే మేడ మీద నడుస్తూ వినండి. మోచేతుల మీద ఆని బోర్లా పడుకుని అయిదు నిమిషాలు చదివి చూడండి. అలా చేస్తే కాలిలోని నొప్పి పైకి, నడుము వైపుకు జరిగితే అది మంచి సూచన, కొనసాగించవచ్చు. ఇంకా కిందికి దిగితే వెంటనే ఆపేయాలి.

ప్రశ్న: నా వయసు 24. మాది అనంతపురం. నాన్నతో కలిసి ఎరువుల దుకాణం చూసుకుంటాను. ఎనిమిది నెలలుగా నడుము నొప్పి. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో నొప్పితో మెలకువ వస్తుంది. లేచాక గంటసేపు నడుము కర్రలా బిగుసుకుని ఉంటుంది. విచిత్రమేమంటే, దుకాణంలో బస్తాలు దింపుతుంటే నొప్పి తగ్గుతుంది, ఆదివారం ఇంట్లో పడుకుంటే పెరుగుతుంది. ఒక్కోసారి కుడి పిర్ర, ఒక్కోసారి ఎడమ పిర్ర నొస్తాయి. పొద్దున మడమలు కూడా నొస్తాయి. ఎక్స్‌రే బాగానే ఉందని, ఆలోచనలు ఎక్కువై ఇలా అనిపిస్తోందని ముగ్గురు డాక్టర్లు అన్నారు. నిరుడు ఒక కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే కళ్ళకలక అని చుక్కలమందు ఇచ్చారు, దానికీ దీనికీ సంబంధం ఉందా? (ఒక పాఠకుడు)

సమాధానం: సంబంధం ఉందనే నా అనుమానం, చివరి వాక్యంగా మీరు రాసిన ఆ కన్ను సంగతే నన్ను ఎక్కువగా ఆపింది. మామూలు నడుము నొప్పి పనితో పెరిగి పడకతో తగ్గుతుంది. మీది తిరగేసి ఉంది. నలభై అయిదేళ్ళలోపు మొదలై, మూడు నెలలకు పైగా సాగుతూ, రాత్రి రెండో సగంలో నిద్ర లేపి, పొద్దున అరగంటకు మించి బిగిసి, కదిలితే సడలే నొప్పి, వెన్నెముక కీళ్ళలో శరీర రక్షణ వ్యవస్థే మంట పుట్టించే జబ్బుకు గుర్తు. దాని పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నెముక అడుగున, తుంటి ఎముకతో కలిసే కీళ్ళలో ఇది మొదలవుతుంది. అందుకే పిర్రలు మార్చి మార్చి నొస్తాయి. ఎక్స్‌రేలో కనిపించడానికి ఏళ్ళు పడుతుంది కనుక మీ ఎక్స్‌రే బాగుండడం మీకు జబ్బు లేదనడానికి రుజువు కాదు. మొదటి ఉత్తరానికి జవాబులో ఎమ్మారై తీయించడం తొందరపాటన్నాను. మీకు మాత్రం తీయించుకోమంటాను, అది కూడా నడుముకు కాదు, ఆ అడుగు కీళ్ళకు. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువు కోసం చేసే రక్తపరీక్ష కొంత ఆధారమిస్తుంది గానీ, అది ఒక్కటే తీర్పు కాదు. ఆ జన్యువు ఉన్నవారిలో అత్యధికులకు ఈ జబ్బు రాదు.

ఎముకల వైద్యుల దగ్గర తిరగడం ఆపి, కీళ్ళవాతం చూసే రుమటాలజిస్టును కలవండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది, బెంగళూరు మీకు ఇంకా దగ్గర. ఈ జబ్బులో నొప్పి మాత్రలను వైద్యుని పర్యవేక్షణలో ఎక్కువ కాలం వాడవలసి రావచ్చు, అవి చాలకపోతే బయలాజిక్ అనే సూదిమందులు ఉన్నాయి. రోజూ చేసే వ్యాయామం ఇందులో మందుతో సమానం. పొగతాగే అలవాటు ఉంటే వెన్ను మరింత త్వరగా బిగుస్తుంది. కన్ను మళ్ళీ ఎర్రబడి వెలుతురు భరించలేకపోతే మందుల దుకాణానికి కాకుండా ఆ రోజే కంటి వైద్యుని దగ్గరకు వెళ్ళి, నడుము సంగతి కూడా చెప్పండి.

మీ ఉత్తరాన్ని చదివి తమ నొప్పి కూడా ఇదేనేమో అనుకునేవారికి ఇంకొక మాట. రాత్రీ పగలూ తేడా లేకుండా నొస్తూ, కదిలినా పడుకున్నా తగ్గకుండా, సాయంత్రాలు జ్వరం, చెమటలు, ఆకలి మందగించడం, బరువు తగ్గడం తోడైతే అది వెన్నెముక క్షయ కావచ్చు. 1779లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ వివరించిన ఈ జబ్బు మన దేశంలో ఇప్పటికీ కుర్రవాళ్ళకు వస్తోంది. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతాయి. నెలల తరబడి వాడాలి, కానీ పూర్తిగా నయమవుతుంది. ఇలాంటి నొప్పికి నూనె రాసి తోమించడం, పట్టించడం అస్సలు చేయకూడదు.

ప్రశ్న: సార్, నేను విశాఖపట్నంలో బైకు మీద తిండి పార్సిళ్ళు అందజేస్తాను. 21 ఏళ్ళు. రెండు నెలలుగా సాయంత్రం అయ్యేసరికి నడుము విరిగినట్టు ఉంటోంది, పొద్దునకు తగ్గిపోతోంది. కాళ్ళలో ఏమీ లేదు. సెలవు పెడితే ఆ రోజు డబ్బులు రావు. ఏదైనా దారి చెప్పండి. (ఒక పాఠకుడు)

సమాధానం: మీ ఉత్తరం అన్నిటికంటే చిన్నది, జవాబు ఇవ్వడానికి అన్నిటికంటే కష్టమైనది. పొద్దునకు తగ్గిపోయే నొప్పి జబ్బు కాదు, అలసిన నడుము చేసే ఫిర్యాదు. బండి అదురు గంటల తరబడి తగలడం, వీపున బరువు వేలాడడం దానికి కారణాలు. పని మానమని మీకు చెప్పే హక్కు నాకు లేదు కాబట్టి పని చేసే తీరు గురించే చెబుతాను. సంచిని వీపుకు తగిలించుకోకుండా వెనక సీటు మీద పెట్టి తాళ్ళతో బిగించండి. వెనక షాక్ అబ్జార్బర్లు కారుతున్నాయేమో మెకానిక్‌కు చూపించండి, టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉంచండి. ఎక్కువ కొట్టిస్తే మైలేజీ మాటేమో గానీ ప్రతి గుంతా మీ నడుముకే చేరుతుంది. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి సీటు నుంచి బెత్తెడు లేవండి. హోటల్ బయట ఆర్డరు కోసం ఎదురుచూసే పది నిమిషాలు బండి మీదే కూర్చుని ఫోను చూడకుండా, దిగి, రెండు చేతులూ నడుము వెనక ఆనించుకుని మెల్లగా పది సార్లు వెనక్కి వాలి, ఆర్డరు వచ్చేదాకా అటూ ఇటూ తిరుగుతూ ఉండండి. నెల రోజులు ఇలా చేసి, తగ్గితే ఎంత తగ్గిందో, తగ్గకపోతే పొద్దున పూట ఎలా ఉంటోందో మళ్ళీ నాకు రాయండి.